బొప్పాయి కాడతో గుండె పాఠం

ఎనభైల చివర్ల నాకు మొదటి పోస్టింగు మోతె అవతల ఒక లంబాడి తండాల పడ్డది. నేను కోదాడ పిల్లను. సూర్యాపేటల కిరాయి గదిల ఉండి పొద్దుగాల బస్సెక్కి పోయేదాన్ని. ఓపిక తక్కువ నాకు, పాఠం చెప్పాలంటే మాత్రం పానం లేచొచ్చేది.

ఒకరోజు మూడో తరగతికి గుండె పాఠం. పుస్తకంల బొమ్మ చూపిస్తే పిల్లలు ఆవులించిన్రు. నాకు ఒళ్లు మండింది. పుస్తకం మూసేసి, బడి వెనక బొప్పాయి కాడలు తెంపి, రెండు కొసలూ కోసి తలా ఒకటి ఇచ్చిన. లోపల బోలుగ ఉంటది గద, ఒక కొస పక్కోళ్ల ఎడమ రొమ్ము మీద, ఇంకో కొస మన చెవికి. దడదడ వినపడంగనే తరగతంత నవ్వుడే నవ్వుడు. గుండె సప్పుడు ఆగితే ఏమైతదని ఒక పిల్ల అడిగింది. మనిషి ఖతం అన్న, ముందూ వెనక చూసుకోకుండ. ఆ తరగతిల ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల ఆమె.

మధ్యాహ్నం ఆ పిల్ల కాడ పట్టుకొనే అన్నానికి ఇంటికి పోయింది. నాయనమ్మ మంచంల నిద్రపోతున్నది. ఒంటి మీద అద్దాలు, బిళ్లలు కుట్టిన రవిక, ఆ పైన వెండి గొలుసులు. వాటి మీద కాడ ఆనిస్తే ఏం వినపడతది? నాయనమ్మ సచ్చిపోయిందని పిల్ల తండా అంత ఉరికింది. ఆడోళ్లు వచ్చి మంచం సుట్టు కూసొని శోకాలు పెట్టిన్రు. ఆ గోలకు ముసలామె లేచి, పోయింది ఎవరో తెల్వక తానూ అందరితోని ఏడ్చిందట.

ఆ ముచ్చట విని కడుపుబ్బ నవ్విన. జరసేపట్లనే ముసలామె కట్టె పట్టుకొని, పిల్ల రెక్క గుంజుకుంట బడికొచ్చింది. బతికున్నోళ్లకు శోకాలు పెట్టించే సదువు మాకొద్దని, రేపటి సంది పిల్లను పొలంల వరి నాటుకు తోల్కపోతనని తేల్చి చెప్పింది. నా నవ్వు ఎటు పోయిందో. బిళ్లల రవిక మీద పెడితే వినపడదని చెప్పనిది నేనైతే, బడి పోయేది దానికా?

తప్పు నాదేనని ఒప్పుకొని కాడ ఆమె చేతికిచ్చిన. ఒక్కసారి మనమరాలి గుండె విను, తర్వాత నీ ఇష్టమన్న. గొణుక్కుంటనే వంగింది.

"దీని గుండె గింత ఉరుకుతున్నదేంది పంతులమ్మా?"

"బడి మానిపిస్తనంటివి గద అవ్వా. భయం దానికి."

ముసలామె కట్టెను గోడకు ఆనిచ్చింది. పిల్ల నెత్తి మీద చెయ్యేసి, వాళ్ల భాషల మెల్లగ ఏదో చెప్పి మళ్ల చెవి పెట్టింది. చానసేపు విన్నది.

"ఇగ నిమ్మళమైంది" అని లేచి, కాడ నడుముల దోపుకొని ఒక్కతే ఇంటికి పోయింది.