తట్టు తగ్గిన పిల్ల

మొన్న నరసరావుపేటలో డిగ్రీ చదివే మా మనవరాలు వచ్చి, పరీక్ష పాఠం నాకు అప్పజెబుతూ కూర్చుంది. ఎన్ని లక్షల ఏళ్ల కిందటో మన పూర్వీకులకు సోకిన వైరస్‌ల ముక్కలు తరతరాలుగా మన జన్యువుల్లోనే ఉండిపోయాయట. కొత్త జబ్బు సోకినప్పుడు వాటిలో కొన్నిటికి కదలిక వచ్చి, ఒంటిని కాపాడే జన్యువులను నిద్రలేపుతాయట. "అన్నిసార్లూ మంచే చేస్తాయని కాదు అమ్మమ్మా, ఇంకా తెలియాల్సింది చానా ఉంది" అంది. నా మనసు అప్పటికే రొంపిచెర్ల దగ్గర మా ఊరికి వెళ్లిపోయిందని ఆ పిల్లకేం తెలుసు.

మన ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, ఆ రోజుల్లో తట్టు వస్తే అమ్మవారు పోసిందనేవాళ్లం. గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో తాలింపు మానేసి, బయటివాళ్లను గడప దాటనిచ్చేవాళ్లు కాదు. తల్లికి కోపమొస్తుందని మందుల మాటే ఎత్తేవాళ్లు కాదు. నాకు పదేళ్లప్పుడు తట్టు వచ్చి, వేపాకు మీద పడుకునే తగ్గింది. నీళ్లు పోసిన నాడు మా నాయనమ్మ నన్ను వీధంతా తిప్పి చూపిస్తే, నేనేదో ఘనకార్యం చేసినట్టు మిడిసిపడ్డాను.

నా వెనకే చెల్లికి వచ్చింది. నాలుగేళ్లది, నా జడ పట్టుకోనిదే నిద్రపోయేది కాదు. దానికి ఆయాసం ఎక్కువైతే, నాన్న తెగించి నకరికల్లు నుంచి కాంపౌండరును సైకిల్ మీద తీసుకొచ్చాడు. నాయనమ్మ గడపకు అడ్డంగా కూర్చుని నన్ను ముందుకు లాగింది. "ఇదిగో, దీనికి ఏ సూది పొడిచామయ్యా? నువ్వు చెప్పవే!" ఏ మందూ లేకుండానే తగ్గిందని నేను గట్టిగా, గర్వంగా చెప్పాను. నాన్న నన్ను చూసి తలొంచుకున్నాడు, కాంపౌండరు వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దెక్కకముందే చెల్లి పోయింది. నాయనమ్మ ఆ తర్వాత బతికినన్నాళ్లూ తాలింపు వేసిన కూర ముట్టలేదు.

ఇప్పుడు మా వీధిలో ఏ గుమ్మానికీ ఆ మండలు కనిపించవు, పిల్లలకు టీకాలు వేయించమని ఆశా వర్కరే ఇల్లిల్లూ తిరిగి చెబుతుంది. మంచిదే, ఆ కాలం మళ్లీ రావాలని నేనెన్నడూ కోరుకోను. నన్ను బతికించింది వేపాకు కాదని, నా ఒళ్లేనని, ఎవరూ అడగని ఈ వయసులో తెలిసింది. చెల్లి ఒళ్లూ అంతే పెనుగులాడి ఉంటుంది. కాస్త సాయం దొరికి ఉంటే అది కూడా ఈపాటికి ఎవరికో అమ్మమ్మ అయ్యుండేది. ఆ సాయం గుమ్మం దాకా వస్తే, బతికి ఉన్న నన్ను చూపించి వెనక్కి పంపించాం.