పార దిగిన నలభై బారలు

బండి తూము దాటి మలుపు తిరిగేసరికి, దారి పక్కన ఒక ముసలివాడు బోర్లించిన తోపుడుబండి మీద కూర్చుని చెక్కజోడులోంచి ఇసుక దులుపుకుంటున్నాడు. కొత్త కట్టల పనికి పోయే కూలీలు అలాగే కూర్చుంటారు. ఎవరి తోపుడుబండి వాళ్లది. నడిచినంతసేపు తోస్తారు, అలిసినప్పుడు దాన్నే పీటగా వాడుకుంటారు. హబ్బో గుర్రాన్ని ఆపాలనుకోలేదు. మధ్యాహ్నం కట్ట తనిఖీ ఉంది. తనిఖీ చేసే ఏడుగురు ప్రమాణస్తుల్లో తానూ ఒకడు, ఆలస్యం కాకూడదు.

ముసలివాడు తలెత్తి ముందు బండిలోని గడ్డిమోపుల వైపు చూశాడు. మనిషి మొహం కంటే ముందు గడ్డి నాణ్యం చూసేవాడు హబ్బో ఎరిగినంతలో ఒక్కడే.

"రై గడ్డి కదూ. పొడుగ్గా ఉంది, కుట్టుకు బాగా ఆగుతుంది," అని, అప్పుడు మొహం చూసి, "ఓరి, హబ్బోనా? ఒళ్లు చేశావురా. గుర్రం కూడా నీలాగే ఉంది," అన్నాడు.

హబ్బో చేతిలో పగ్గం వదులైంది. గుర్రం దానంతటదే ఆగింది.

"ఐలెర్టన్నా," అన్నాడు. పన్నెండేళ్ల తర్వాత ఆ పేరు పైకి పలకడం అదే మొదలు. మనసులో అయితే చాలాసార్లు పలికాడు.

"నేనే. తూర్పున కొత్త కట్ట వేస్తున్నారట, మట్టి మోయడానికి పోతున్నాను. నువ్వు తనిఖీకేగా? నన్నూ ఎక్కించుకో. కట్టలో నా నలభై బారలు ఒకసారి చూసి పోతాను. చూడనివ్వనంటే చెప్పు, ఇక్కడే కూర్చుని ఇసుక దులుపుకుంటాను."

హబ్బో కిందికి దిగాడు. తోపుడుబండిని గడ్డిమోపుల మీదికి ఎత్తి కట్టాడు.

ఈ తీరంలో భూమి ఎవరికీ ఊరికే రాలేదు. ముత్తాతల కాలంలో ఇదంతా సముద్రం. బురద పేరుకున్నచోట కట్ట వేసి, ఉప్పునీళ్లు తూములగుండా బయటికి తోలి, ఏళ్ల తరబడి ఆరబెట్టి దున్నుకున్నారు. లోకంలో ఒప్పందాలు రకరకాలు. రాజులు రాసుకునేవి ముద్రలతో మొదలై ఫిరంగులతో ముగుస్తాయి. పెళ్లి ఒప్పందాలు పాటలతో మొదలవుతాయి, ఎలా ముగుస్తాయో పెళ్లయినవాళ్లకు తెలుసు. ఇక్కడి కట్టపత్రం తీరు వేరు. అందులో ఊరంతా ఒకవైపు, సముద్రం రెండోవైపు. సముద్రం సంతకం పెట్టదు గనక దాని మాట కూడా ఊరివాళ్లే నిలబెట్టాలి. ఎవరికి ఎంత పొలముందో అంత పొడవు కట్ట వాళ్ల వంతు. ఏటా రెండుసార్లు కట్టపెద్దా, ప్రమాణం చేసిన ఏడుగురూ కట్ట పొడవునా నడిచి చూస్తారు. వంతు చెడిపోయి, బాగుచేసుకునే సత్తువ లేనివాడు తన పార తెచ్చి కట్టలో దింపి వెళ్లిపోవాలి. ఇల్లూ పొలమూ ఆ పారతో పోయినట్టే. ఆ పారను పీకినవాడికి పొలమూ దక్కుతుంది, కట్ట బరువూ దక్కుతుంది. చిన్న పత్రం అది, ఒక పూటలో చదివేయొచ్చు. దాని కింద బతకడానికి మాత్రం తరాలు పట్టింది.

క్రిస్మస్ నాటి మహావరదలో ఆ కట్ట నాలుగుచోట్ల తెగింది. ఐలెర్ట్ గుర్రాలు రెండూ, హబ్బో తల్లీ అదే రోజు కొట్టుకుపోయారు. తర్వాత రెండేళ్లు ఊరు ఊరంతా మట్టి మోసింది. మట్టి వేస్తే సరిపోదు, పైన పచ్చిక పెళ్లలు పరచాలి, లేకపోతే మొదటి అలకే కరిగిపోతుంది. పెళ్లలు దొరకని చోట అప్పటికి గడ్డి పరిచి మట్టిలోకి కుట్టేస్తారు. పెళ్లలు కట్టకు బయట, సముద్రం వైపు మేటలో ఎవరికి చూపించిన చోట వాళ్లు కోసుకోవాలి.

"టాల్కే వదిన ఎలా ఉంది?" అన్నాడు హబ్బో, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"నాలుగేళ్లయింది పోయి. దగ్గు." ఐలెర్ట్ గడ్డిమోపు కట్టు బిగించాడు. "కూలీల పాకలో పోయింది. శవాన్ని మోయడానికి పొరుగువాళ్లు లేరు. ఎవరో నలుగురు, పేర్లు కూడా తెలియదు. మంచివాళ్లే, మొయ్యడంలో మాత్రం అడుగులు కలవలేదు."

ఈ తీరంలో శవాన్ని మోసేది పొరుగువాళ్లే. కుడివైపు ఇంటివాడు తల దగ్గర పట్టాలి. ఐలెర్ట్‌కి కుడివైపు ఇల్లు హబ్బోది.

"పోయే రోజు కూడా అదే అంది," అన్నాడు ఐలెర్ట్. "ఆ ఎలుకబొరియ చూసిన రోజే పూడ్చి ఉంటే మన కట్ట మనకుండేది కదయ్యా అని. నేను వసంతంలోనే చూశాను హబ్బో, ఇంత బొరియ. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఇప్పుడు ఏ పనిలోకి వెళ్లినా కుర్రకారుకి ముందు అదే చెబుతాను, కట్ట పాదం చూడండిరా, పైన కాదు, అని. నన్ను బొరియల తాత అంటారు."

నవ్వాడు. హబ్బో నవ్వలేకపోయాడు.

బొరియ కాదు. ఐలెర్ట్ కట్ట కూలిన సంవత్సరం హబ్బో భార్య గేషె పురుడొచ్చి పడకలో ఉంది. అతనికి చూపించిన మేట అయిపోయింది, వంతులో ఇంకా పన్నెండు బారలు బోసిగా ఉన్నాయి. తనిఖీ మూడు రోజుల్లోకి వచ్చింది. ఒక పొద్దున చెయ్యి చాపితే చెయ్యి కనబడనంత మంచు పట్టింది. ఆ మంచులో పొరుగువాడి కట్ట లోపలి పాదం నుంచి పెళ్లలు కోశాడు. కోసినచోట గడ్డి పరిచి, పాత మరమ్మతులా కనబడేట్టు కుట్టాడు. చాలా శ్రద్ధగా కుట్టాడు, ఆ శ్రద్ధే తర్వాత అతన్ని ఎక్కువ బాధపెట్టింది. వచ్చే వేసవిలో మళ్లీ పెళ్లలు తెచ్చి వేసేద్దామనుకున్నాడు. రెండో రోజు రాత్రంతా వాన పడింది, మర్నాడు పెద్ద పోటు వచ్చింది. ఐలెర్ట్ కట్ట మోకాళ్ల మీద కూలిన ఎద్దులా కూలింది.

తప్పు ఐలెర్ట్‌దేనా అని కట్టపెద్ద ప్రమాణస్తుల్ని అడిగితే ఏడు చేతులు లేచాయి. ఏడోది హబ్బోది. గుర్రాల్లేని ఐలెర్ట్ గడువిచ్చిన ఎనిమిది రోజుల్లో మట్టి తోలలేక పార తెచ్చి దింపాడు. ఎవరూ కదలలేదు. వాళ్ల కట్టలు వాళ్లకే భారంగా ఉన్న రోజులవి. హబ్బో ముందుకొచ్చి పార పీకాడు. పొరుగువాడి బరువు ఎత్తుకున్నాడని ఊరు మెచ్చుకుంది, పాదిరి ఆదివారం ప్రసంగంలో కూడా చెప్పాడు. నిజానికి వేరేవాళ్లు పీకితే మరమ్మతుకు తవ్వుతారు. తవ్వితే పారతో కోసిన తిన్నని అంచులు బయటపడతాయి. ఎలుకలు తిన్నగా కొరకవు. పొలం కోసం పీకలేదని అతను తనకు తాను చెప్పుకునేవాడు. అది నిజమే. అందుకే అది ఇంకా హీనంగా ఉండేది.

కట్ట దగ్గరికి చేరేసరికి అందరూ వచ్చేశారు. కట్టపెద్ద ఓల్ట్‌మన్ కొలబద్దతో ముందున్నాడు.

"గడ్డి తెస్తాడనుకుంటే మనిషిని తెచ్చాడే," అన్నాడు సిబో, ప్రమాణస్తుల్లో నోరు ఆగనివాడు. ఆ మనిషెవరో పోల్చుకున్నాక టోపీ తీశాడు.

తనిఖీ నడిచింది. ఐలెర్ట్ వెనకాల నడిచాడు, పిలవని చుట్టంలా కాస్త ఎడంగా. తన నలభై బారలు వచ్చినచోట కిందికి దిగి, వంగి, పాదం పొడవునా అరచేత్తో తడుముతూ పోయాడు. పైకి వచ్చి, "బాగా ఉంచావురా. నా చేతిలో ఉండగా ఇంత బాగా లేదు," అన్నాడు.

ఆ మాట విన్నాక హబ్బో బండి దగ్గరికి వెళ్లి తన పార తెచ్చి ఆ నలభై బారల నడుమ దింపాడు. కాలితో తొక్కి లోపలిదాకా దింపాడు.

ముందు నడుస్తున్న కట్టపెద్ద వెనక్కి వచ్చాడు.

"ఇదేం ఆటయ్యా?" అన్నాడు ఓల్ట్‌మన్.

"వదులుకుంటున్నాను పెద్దయ్యా. ఐలెర్టన్న వంతు వరకు, పొలంతో సహా. ఇష్టమైనవాళ్లు పీకొచ్చు."

"అలా కుదరదు. పార దింపేది చేతకానివాడు. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఇంత గట్టి వంతు ఇంకోటి లేదు. ఒళ్లు బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి కారణం చెప్పు. కారణం లేని పారను నేను ఒప్పుకోను. తీసెయ్."

మాట్లాడకుండా భూమి ఇచ్చేసి పోదామనే హబ్బో అనుకున్నాడు. ఇంతలా తెగించానే, అంతకంటే ఏం కావాలి అనుకున్నాడు. పార పిడి మీద చెయ్యి వేశాడు కూడా. తీసేస్తే అందరూ నవ్వుకుని ముందుకు నడుస్తారు. ఐలెర్ట్ తోపుడుబండి దించుకుని తూర్పుకి పోతాడు, అక్కడి కుర్రవాళ్లకి బొరియ కథ చెబుతాడు.

"బొరియ కాదన్నా," అన్నాడు హబ్బో, కట్టపెద్దతో కాదు. "నేను కోశాను. నీ పాదం పెళ్లలు. మంచు పట్టిన రోజు. నా పన్నెండు బారల మీద వేసుకున్నాను. అక్కడ గడ్డి కుట్టాను. తర్వాత చెయ్యెత్తాను."

ఓల్ట్‌మన్ కొలబద్దను చేతులు మార్చుకున్నాడు. కట్ట పెళ్ల దొంగిలించినవాడికి పత్రంలో ఏం రాసి ఉందో అక్కడున్న అందరికీ తెలుసు. పూర్వమైతే చెయ్యి పోయేది.

"ప్రమాణస్తుల్లోంచి నీ పేరు కొట్టేస్తున్నాను," అన్నాడు ఓల్ట్‌మన్ చివరికి. "మిగతాది సభలో. ఈ పార మాత్రం ఒప్పుకుంటున్నాను. ఎవరు పీకుతారు?"

ఐలెర్ట్ ఆ పాదం వైపే చూస్తున్నాడు.

"నేను టాల్కేతో గొడవపడేవాణ్ణి," అన్నాడు మెల్లగా. "చిన్న బొరియే అది అనేవాణ్ణి. పెద్దదే అనేది. చివరికి, పెద్దదేలేవే అని ఒప్పుకున్నాను." హబ్బో వైపు తిరిగాడు. గొంతు పెరగలేదు. "భూమి సరేరా. ఇది టాల్కేకి ఎవరు చెబుతారు?"

హబ్బో పార దగ్గర్నుంచి పక్కకు జరిగాడు.

ఐలెర్ట్ వచ్చి పార పీకాడు. అరవై మూడేళ్ల నడుం, ఒక్క గుంజుకి రాలేదు, రెండో గుంజుకి వచ్చింది. ఎవరూ సాయం వెళ్లలేదు. పార దిగినచోట పడ్డ గంటులో వంగి మట్టి నింపి, చెక్కజోడుతో తొక్కాడు, మరోసారి తొక్కాడు.

"దీని మీద ఒక పెళ్ల వెయ్యాలి," అన్నాడు ఎవరితోనో.

అందరూ ఆ గంటు చుట్టూ వంగి చూస్తుండగా హబ్బో కట్ట లోపలివైపు దిగాడు. బండీ గుర్రమూ గడ్డిమోపులూ అక్కడే ఉన్నాయి, వాటి మీద ఐలెర్ట్ తోపుడుబండి కట్టి ఉంది. కట్ట బరువు ఎత్తుకున్నవాడికి గుర్రం కావాలి. అతను అటు వెళ్లలేదు. ఎవరితోనూ వస్తానని చెప్పలేదు. పంట కోసిన చేలో, కాలవ పక్కగా, ఇంటివైపు నడుచుకుంటూ పోయాడు.