రేడియో కింద మడిచిన పుస్తకం

“గుర్రు బందైందా? ఇప్పుడు మంచిగ వినబడుతుందా?”

“వినబడుతుంది. ఇగ నువ్వు మాట్లాడకు, పాట విననియ్.”

మా ఇద్దరి ఆఖరి మాటలు ఇవే. మొదటిది మా ఆయనది, రెండోది నాది. నాకు సంతకం వరకే చదువు. నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. ఆ రెండో మాట దగ్గర పిల్ల చెయ్యి ఆగింది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను.

కరోనా వచ్చి మగ్గాలన్నీ ఆగిపోయిన మొదటి ఏడు అది. మా ఆయన పరాయి రాష్ట్రంలో, జోల్వా అనే చోట ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసేవాడు. తోటివాళ్లంతా దొరికిన లారీ ఎక్కి ఊళ్లకు పోయారు. సేటు ఈయన్ని మాత్రం కాపలాకు ఉండమన్నాడు. బియ్యం, పప్పు, స్టవ్వు లోపలే పెట్టించాడు. నేను అక్కడే ఇంకో పక్క, భేస్తాన్‌లో మా గదిలో ఒక్కదాన్ని. మధ్యలో దారులు మూసేశారు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేంత దూరమే, కానీ అప్పుడు అది వేరే దేశం.

సేటు కార్ఖానాలో కొత్తగా కెమెరాలు పెట్టించాడు. ఇంట్లో కూర్చుని ఫోనులో చూసుకునేవాడు.

“నేను అన్నం వండుకునేది సుత చూస్తుండే సేటు,” అని ఫోనులో నవ్వేవాడు మా ఆయన.

“అయితే జర తల దువ్వుకో. నా కోసమైతే ఎన్నడు దువ్వలె.”

ఆయన దగ్గర ఒక చిన్న రేడియో ఉండేది. పొద్దు గూకాక అందులో ఎక్కడో దూరపు తెలుగు స్టేషను సన్నగా అందేది. రోజూ ఆ వేళకు నాకు ఫోన్ చేసి, ఫోనును రేడియో పక్కన పెట్టేవాడు. అక్కడ ఆయన, ఇక్కడ నేను, పాట ఒకటే.

మగ్గాల మధ్య బతికినవాళ్లకు ఒక అలవాటు. ఇష్టమైన వస్తువును నుసికి వదిలిపెట్టం. అద్దానికి గుడ్డ కప్పుతాం, గడియారానికి గుడ్డ కప్పుతాం. మగ్గం ఆగినా పైకప్పు నుంచి పోగుల నుసి రాలుతూనే ఉంటుంది. కార్ఖానాలో తలుపులున్న అల్మారా ఒక్కటే, కెమెరాల తీగలన్నీ వచ్చి చేరే డబ్బాలు పెట్టినది. రేడియోను అందులో పెట్టుకొమ్మని చెప్పింది నేనే.

పెట్టిన రోజు నుంచి గుర్రు మొదలైంది. మూసిన కార్ఖానాలో ఎక్కడో ఒక్క మగ్గం ఆగకుండా నడుస్తున్నట్టు ఉండేది ఆ చప్పుడు. పాట దాని కింద పడి నలిగేది. రేడియో చెడిపోయిందనుకున్నాం. తర్వాత ఆయనే కనిపెట్టాడు, డబ్బాలోంచి కెమెరా తీగ పీకితే గుర్రు పోతుందని. అప్పటి నుంచి రోజూ పాటల వేళకు తీగ పీకేవాడు, అయిపోయాక మళ్లీ పెట్టేవాడు. సేటు మొదట కోప్పడ్డాడు, తర్వాత అలవాటుపడ్డాడు.

ఆ రోజు ఆయన గొంతు బరువుగా ఉంది. జర ఆయాసమైతుందన్నాడు. వేడినీళ్లు తాగమన్నాను. పాట మొదలైంది, గుర్రు వచ్చింది. ఆయన లేచి పోయిన అడుగుల చప్పుడు విన్నాను. గుర్రు ఆగింది. వినబడుతుందా అని అడిగాడు. మాట్లాడకు అన్నాను.

ఆయన మాట్లాడలేదు. ఎన్నడూ లేనిది నా మాట వింటున్నాడనుకున్నాను. పాట అయిపోయింది, ఇంకోటి వచ్చింది, ఎవరో ఎరువుల గురించి చెప్పారు. నా ఫోనులో చార్జింగ్ అయిపోయేదాకా వింటూనే ఉన్నాను. అంత శుభ్రంగా రేడియో ఎప్పుడూ వినబడలేదు.

తెల్లవారినా కెమెరా రాకపోతే సేటు మనిషిని పంపి చూపించి, నాకు ఫోన్ చేశాడు. అల్మారాకు వీపు ఆనించి, కాళ్లు చాపి కూర్చున్నట్టే ఉన్నాడట, ప్రాణం లేదట. తీగ చేతికి దగ్గరలోనే ఉందట.

“కెమెరా బందైందని నా ఫోను మోగింది భాభీ. రోజూ ఉన్నదే కదా అనుకున్నా,” అన్నాడు హిందీలో. అతన్ని ఏమంటాను? నేనూ రోజూ ఉన్నదే అనుకున్నాను. కరోనా అని ఆయన్ని నాకు ఇవ్వలేదు. దూరం నుంచి ఆయన్ని తీసుకుపోయే బండి చూపించారు.

దారులు తెరిచాక సేటు ఒక సంచి పంపాడు. రెండు చొక్కాలు, టిఫిన్ డబ్బా, రేడియో. రేడియోకు ఒక కాలు పొట్టి. ఊగకుండా కిందికి నాలుగు మడతల కాగితం పెట్టి దారంతో కట్టాడు ఆయన. విప్పితే అది కెమెరాలతో వచ్చే పల్చటి పుస్తకం.

మా చెల్లెలి కూతురు కెమెరాలు అమ్మే దుకాణంలో పనిచేస్తుంది. పుస్తకం దాని ముందు పెట్టి, ఇందులో ప్రతి మాటకూ అర్థం చెప్పమన్నాను. నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ తీగ పీకకపోతే ఆయన బతికేవాడా?

“గీ కెమెరాలకు వేరే కరెంటు తీగ ఉండది పెద్దమ్మా. నెట్‌వర్క్ తీగలనే కరెంటు పోతది, బొమ్మ వస్తది. పెద్దబాపు పీకింది గదే.”

“రికార్డర్ల బొమ్మలు దాస్తరని సదివితివి. అండ్ల ఉంటడా మీ పెద్దబాపు?”

“ఉండడు. కొన్ని దినాలైనంక పాతదాని మీద కొత్తది ఎక్కుతది.”

“మరి గీ మోషన్ డిటెక్షన్ అంటే ఏంది?”

“ఏమన్న కదిలితే సేటు ఫోను మోగుతది.”

“కదిలేది ఆగిపోతే?”

“ఆగిపోతే మోగది పెద్దమ్మా. కని సేటు గా టైముకు చూస్తే పెద్దబాపు కనబడుతుండె. చూసేటోడో లేదో నేనెట్ల చెప్పాలె?”

చివరి పేజీలో రేడియో మాట ఉంది. అది చదివి విప్పి చెప్పింది. ఇది ‘క్లాస్ ఎ’ సామాను, అంటే కార్ఖానాలకూ ఆఫీసులకూ చేసినది. మనుషులు కాపురముండే చోట రేడియోకు అడ్డం రావచ్చు. వస్తే వాడేవాళ్లే ఉపాయం చూసుకోవాలి.

“కార్ఖానలనే పెట్టిరి గద బిడ్డా.”

“కార్ఖాననే. కని పెద్దబాపు అండ్లనే కాపురమున్నడు గదా.”

“ఉపాయమంటే ఏం చెయ్యాలె?”

“రేడియోను జర దూరం జరుపాలె. మా దుకాణంల అందరికి గదే చెప్తం.”

జరపాలి, అంతే. నుసి పడనిచ్చి, బయట కిటికీలో పెట్టుకుంటే సరిపోయేది. తీగ దాని చోట అది ఉండేది, సేటు ఫోనులో ఆయన ఉండేవాడు.

ఇప్పుడు మా మెట్ల మీద కూడా ఇంటాయన కెమెరా పెట్టించాడు. దాని డబ్బా మా గోడకు అవతలే ఉంది. పొద్దు గూకాక రేడియో పెడితే అదే గుర్రు. పిల్ల చెప్పినట్టు ఒకరోజు కిటికీ దగ్గరకు జరిపి చూశాను. గుర్రు పోయింది, పాట నిర్మలంగా వచ్చింది. ఆ రాత్రి విన్నట్టే. రేడియో తెచ్చి మళ్లీ గోడకు ఆనించాను. గుర్రు ఉన్నంతసేపు ఆయన తీగ పీకడానికి ఇంకా లేవలేదన్నట్టు ఉంటుంది. ఆ గుర్రులోనే వింటాను, పాట అందినంత.

చాలు బిడ్డా, ఇక రాయకు. మొదటి నుంచి ఒకసారి చదువు, వింటా. ఈసారి మాట్లాడకని నేను అనను.