అమ్మ పొయ్యమన్న చెత్త

మా చిన్నప్పుడు... అరకు దగ్గర మా కొండ ఊళ్ళో తెల్లవారగానే అమ్మ వాకిలి ఊడ్చే చప్పుడు వినిపించేది. ఊడ్చిందంతా గంపకెత్తి ఇంటి వెనక గత్తం గోతిలో వేసేది. పేడ, పొయ్యిలో బూడిద, పనస తొక్కలు, తిన్న అడ్డాకు విస్తళ్ళు... అన్నీ అందులోకే. ఏడాది తిరిగేసరికి అదంతా నల్లగా, మెత్తగా మాగిన ఎరువయ్యేది.

చోళ్ళ చేనికి, అంటే రాగి చేనికి, గత్తం మోసే రోజు మొదటి గంపకు అమ్మ పసుపు బొట్టు పెట్టేది. నవ్వకండి... మాకది చెత్త కాదు, వచ్చే ఏడాది అంబలి.

చిరిగిన చీర బొంతయ్యేది. అరిగిన గునపం సంతలో కమ్మరి దగ్గరికెళ్ళి కొడవలై తిరిగొచ్చేది. ఇక పారేయడానికి ఇంట్లో ఏముంటుంది చెప్పండి...

నేను ఆరో తరగతిలో ఉండగా కింద రోడ్డు పక్కన టూరిస్టుల కోసం గదులు లేచాయి. మా వలిసె పూల చేలల్లో ఫొటోలు దిగడానికి జనం కార్లేసుకుని వచ్చేవాళ్ళు. మంచి గాలి పీల్చుకోవడానికట... పీల్చుకున్నారు, వెళ్ళిపోయారు. వాళ్ళు తిని వదిలేసింది మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

ఒకరోజు ఓ ట్రాక్టరు మా చేను గట్టు దగ్గరికొచ్చి ఆగింది. అమ్మకు కొత్తవాళ్ళతో తెలుగులో మాట్లాడాలంటే బిడియం. ఆశ్రమ పాఠశాలలో చదివేదాన్ని, సెలవులకు ఇంట్లో ఉన్నాను. అందుకని ముందుకెళ్ళింది నేనే.

"ఏటి గుంటా, ఈ సెత్త మీ సేన్లో పొయ్యొచ్చా? మీ యమ్మనడుగు" అన్నాడు డ్రైవరు.

అమ్మ తొట్టెలోకి తొంగి చూసింది. కూరగాయల తొక్కలు, అరిటాకులు, మిగిలిపోయిన అన్నం... ఆమె మొహం విప్పారింది. పది గంపలు మోసే పని తప్పిందనుకుంది పాపం.

"పొయ్యమను. కుళ్ళితే గత్తమైపోద్ది" అని నా చెవిలో అంది. ఆ మాటే నేను గట్టిగా డ్రైవరుకు చెప్పాను. తెలుగు బాగా మాట్లాడానని నాకు గర్వం కూడా...

అంత దూరం తెచ్చి పోశాడని అమ్మ అతనికి ఓ పనసపండు ఇచ్చి పంపింది. కొరివితో తల గోక్కోవడమే కాదు, కొరివి తెచ్చినవాడికి మర్యాద కూడా చేశాం మేము.

ఆ తర్వాత ట్రాక్టరు వస్తూనే ఉంది, దాన్లో తొక్కలు తగ్గాయి. కవర్లు, కప్పులు, సీసాలు పెరిగాయి. అమ్మ వాటి కోసం కూడా ఓపిగ్గా ఎదురుచూసింది. నేలలో వేసింది కుళ్ళకుండా ఉండటం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు మరి. రెండు వానాకాలాలు పోయాక పారతో తవ్వి ఓ కవరు పైకి లాగింది. రంగు కూడా పోలేదు.

"ఇదేటే, ఇంకా కుళ్ళలేదు?" అని నన్నడిగింది. చదువుకున్నదాన్ని కదా... నాకూ తెలియదు.

ఇక పొయ్యొద్దని ఇద్దరం వెళ్ళి చెప్పాం. డ్రైవరు మనిషి చెడ్డవాడేం కాదు. తల గోక్కుంటూ, "మీరే కదమ్మా పొయ్యమన్నారు" అన్నాడు. అప్పటికి ఒక ట్రాక్టరు కాస్తా నాలుగయ్యాయి. కాగితాల మీద కూడా మా చేను చెత్త పోసే జాగా అయిపోయింది. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో మాకెవరూ చెప్పలేదు.

చేనొక్కటే పోయుంటే ఏడ్చి ఊరుకునేవాళ్ళం. దాని కింద ఊరంతా తాగే ఊట ఉండేది. మూడో ఏడు ఆ నీళ్ళు కంపు కొట్టాయి. ఆడవాళ్ళంతా బిందెలతో అవతల పారే గెడ్డకు నడవాల్సి వచ్చింది. మా ఇంటి ముందు నుంచే వెళ్ళేవాళ్ళు... ఎవరూ పలకరించేవాళ్ళు కాదు. అమ్మ తలుపు దగ్గరగా వేసుకుని లోపలే కూర్చునేది.

"నా నోటితోటే పొయ్యమన్నాను" అనేది పోయేదాకా. నోరు నాదమ్మా, అని నేను ఒక్కసారి కూడా అనలేకపోయాను.

ఇప్పుడు పట్నంలో నాలుగో అంతస్తులో ఉంటున్నాను. తడి చెత్త ఓ బుట్టలో, పొడి చెత్త ఓ బుట్టలో... శ్రద్ధగా వేరు చేస్తాను. పొద్దున్నే పాట పెట్టుకుని బండి వస్తుంది. మొన్న ఆ బండి అమ్మాయిని అడిగాను, ఇదంతా ఎక్కడికి పోతుందని.

"కొండ దగ్గరికమ్మా" అంది, బేగి వెళ్ళాలన్నట్టు బండి వైపు చూస్తూ.

ఏ కొండ అని అడగడానికి నోరు రాలేదు... చేతిలో బుట్ట మాత్రం ఇచ్చేశాను. రోజూ ఇస్తూనే ఉన్నాను.

మీ చిన్నప్పుడు మీ ఇంటి వెనక కూడా ఓ గొయ్యి ఉండే ఉంటుంది... దాని గురించి రాయండి, చదవాలనుంది. అలాగే ఇప్పుడు మీ బుట్ట ఏ కొండకు పోతుందో తెలిస్తే అదీ రాయండి. అక్కడ పొయ్యమన్న అమ్మ ఎవరో... ఆమె వాకిట్లోంచి బిందెలతో వెళ్ళేవాళ్ళు ఆమెను పలకరిస్తున్నారో లేదో.