గాడి గురించి చెప్పిందెవరు

దయ్యాల ముచ్చట ఎవరన్న మొదలుపెడితే లేచి పోయెటోణ్ణి నేను. ఇప్పటికి సుత దయ్యాలున్నయని అంటలేను. జరిగింది జరిగినట్టు చెప్తున్న, అంతే.

మా ఆఫీసు పంజాగుట్టల, ఒక చీరల దుకాణం మీద. శత్రు జలాంతర్గాములను వేటాడే రకం అణు జలాంతర్గాములకు విడిభాగాలు కావాలంటే కష్టం. పాత భాగాలను తయారు చేసిన ఫ్యాక్టరీలు ఎన్నడో బంద్ అయినయ్, డ్రాయింగులు దొరకవు. అందుకని నేవీవాళ్లు అరిగిపోయిన భాగాన్నే మాకు పంపుతరు. మేం కొలిచి బొమ్మ గీస్తం, సనత్‌నగర్ వర్క్‌షాపుల కొత్తది చేస్తరు.

గట్ల వచ్చింది ఒక కంచు రింగు. సముద్రపు నీళ్లు పోయే వాల్వులోది. జలాంతర్గామి చప్పుడు చేసిందంటే శత్రువుకు దొరికిపోయినట్టే. నేను రింగును వెంట్రుకవాసి తేడా లేకుండ కొలిచిన. అరిగిన చోటును సుత అరిగినట్టే గీసిన, గదే తప్పయింది. టెస్టుల నీళ్లు వదిలితే కొత్త రింగు ఈల ఏసింది.

మా సార్ గా పని నా దగ్గర తీసి మాధవికిచ్చిండు. సిరిసిల్ల పిల్ల, కొలుచుడు నా దగ్గరనే నేర్చుకున్నది. రింగు ఎవరు కుదిరిస్తే వాళ్లే వచ్చే ఆర్డరు మొత్తానికి లీడ్ అన్నడు. నా కడుపు మండిపోయింది. అమీర్‌పేట మెట్రో దాక ఇద్దరం కలిసి పోయెటోళ్లం, నేను తోవ మార్చిన. చాయ్‌కి రా అన్నా అని పిలిస్తే ఇనపడనట్టు ఉన్న. ఆమె నవ్వు ఇంటే చాలు, లోపల సుర్రుమనేది.

ఒకరోజు మధ్యాహ్నం సెలవు పెట్టి, చెల్లె సర్టిఫికెట్ పని మీద మాసబ్ ట్యాంక్ పోయిన. సాయంత్రం దాక గాడనే కూసున్నం, చెల్లె నా పక్కనే ఉన్నది.

తెల్లారి వచ్చి చూస్తే, మాధవి గీసిన బొమ్మల రింగు లోపలి అంచుకు సన్నటి గాడి ఉన్నది. మాకొచ్చిన రింగు మీద అసుంటిది లేనేలేదు. దొరికింది పిల్ల అనుకున్న. లేనిది కల్పించి గీసిందని సార్‌కు నేనే పోయి చెప్పిన, మస్తు ఖుషీగ చెప్పిన.

అయినా చేసి చూద్దామన్నడు సార్. గాడితోని చేసిన రింగు టెస్టుల కిక్కురుమనలే. కొన్ని రోజులకు ఏదో స్టోరుల వాడని పాత రింగు దొరికితే పంపిండ్రు. దానికి గదే గాడి ఉన్నది. మొదటి రింగులు చప్పుడు చేస్తే, తయారు చేసినోళ్లే తర్వాత డిజైన్ మార్చి గాడి పెట్టిండ్రట. మా దాంట్ల అది అరిగి నున్నగైంది.

ఎలా పట్టుకున్నావమ్మా అని సార్ అందరి ముందట అడిగిండు.

"నేను కాదు సార్, ఈ అన్ననే చెప్పిండు. గా రోజు మధ్యాహ్నం నా పక్కన కుర్చీ ఏసుకొని కూసొని, గీడ గాడి ఉండె, అరిగిపోయింది అని ఏలు పెట్టి చూపెట్టిండు."

గా పూట నేను ఆఫీసులనే లేనని చెప్పిన. సార్ నవ్విండు, సెలవుల సుత వచ్చి నేర్పినవ్, పిల్ల తన మాట మీద నిలబడ్తదో లేదోనని నాకు అట్ల చెప్పినవ్ అన్నడు, అంతా నా మొహమాటం అనుకున్నడు. చాయ్ తెచ్చే యాదన్న సుత, గా రోజు నా చేతికే చాయ్ ఇచ్చిన అన్నడు. చూద్దామంటే డ్రాయింగుల గదిల కెమెరాలు పెట్టనియ్యరు. లీడ్ నాకే ఇచ్చిండ్రు. వద్దన్నా ఇనలే.

మాధవి మీద కుళ్లు గా రోజుతోనే పోయింది. కాని మొన్న మెట్రో మెట్ల కాడ ఆమె నన్నొక మాట అడిగింది.

"గా రోజు ఎంత మంచిగ మాట్లాడినవ్ అన్నా. నాకంటే నువ్వే బాగ గీస్తున్నవ్ అన్నవ్. మళ్ల గట్ల ఎందుకు మాట్లాడవ్?"

గా మాట నేను ఎన్నడూ అనలే. గా రోజు ఎవడొచ్చిండో నాకిప్పటికి సమజ్ కాలే. ఆమె నవ్వుకుంట యాది చేసుకునేది మాత్రం వాణ్ణే. వాని మీద నాకు ఇంకా మండుతనే ఉన్నది.