విభూతి బుధవారం నాటి కోడికూర

ముప్పై ఏండ్ల కింద తిన్న కోడికూర ఇంకా నా గొంతులనే ఉన్నది. మీరెవరో నాకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న.

తొంభైల్ల క్యాంపస్ లేడీస్ హాస్టల్ల ఉంటి. మాది కిరస్తానీ ఇల్లే గని ఎస్సీ స్కాలర్‌షిప్ కోసం కాగితాల మీద హిందువులం. ఆ సంగతి నా రూమ్మేట్ నిర్మలకు ఒక్కదానికే తెలుసు. గుంటూరు దిక్కు పిల్ల, టీచర్ బిడ్డ. ఆమె గూడ కిరస్తానీయే గని ఆమెకు దాపరికాలు తెల్వవు.

విభూతి బుధవారం పొద్దుగాల ఇద్దరం తార్నాక చర్చిల పూజకు పోయినం. ఈస్టరుకు ముందటి నలభై తపస్సు దినాలు అప్పటి నుంచే మొదలు. ఆ రోజు ఒక్కపొద్దుండాలె, నీసు ముట్టొద్దు. ఫాదర్ నుదుట బూడిదతోని సిలువ గీసిండు. నడుసుకుంట వస్తుంటే క్యాంపస్ గేటు కాడ నేను చున్నీతోని తుడుసుకున్న. నిర్మల చూసింది, తనది మాత్రం తుడుసుకోలే.

మెస్సుల బుధవారం చికెన్. పక్క రూమ్ పిల్ల నిర్మల నుదురు చూసి నవ్వి, నా దిక్కు తిరిగింది.

"ఏందే, నువ్వు గూడ గా మతమేనా?"

"కాదు. ఊకె తోడు పోయిన."

అక్కడితోని ఆగినా అయిపోతుండె. ఆ పిల్ల నమ్మలేదేమోనని ప్లేటు నిండ చికెన్ ఏయించుకున్న. ఒక్కపొద్దుండి ఒట్టి మజ్జిగ గ్లాసుతోని కూసున్న నిర్మల ఎదురుంగనే తిన్న. ఆమె మెల్లగ, "తినవే, చల్లారిపోద్ది" అన్నది. వెక్కిరింపు గాదు, నిజంగనే అన్నది.

స్కాలర్‌షిప్ పోతదని భయపడ్డ అని ఇన్నేండ్లు నాకు నేను చెప్పుకున్న. మరి ఆ పక్క రూమ్ పిల్ల స్కాలర్‌షిప్ ఆఫీసరా? కాదు గద. గామె ముందర చిన్నగయితనని సిగ్గు, గంతే. చదువైనంక కాచిగూడల నిర్మలను రైలెక్కిచ్చిన, అప్పుడు గూడ ఆ ముచ్చట తియ్యలే. పాపసంకీర్తనంల ఫాదర్ ముందర నా కోపాలు, అబద్ధాలు అన్నీ ఒప్పుకున్న గని, నిర్మలకు చేసినదాన్ని ఫాదర్ ఎట్ల క్షమిస్తడని ఇదొక్కటి దాచుకున్న.

ఇయ్యాల మళ్ల ఆ బుధవారమే. ఆఫీసుల పక్క సీటాయన నా నుదురు చూసి "ఏంది మేడమ్?" అన్నడు. "మా ఉపవాసాలు మొదలైనయి" అన్న. ఆయన అట్లనా అని పనిల పడ్డడు. ఇంత అల్కటి పనా ఇది?

అన్నం డబ్బా తెచ్చుకోలే. మంచిగ ఆకలైతున్నది, పానం హాయిగున్నది. నిర్మల యాడున్నదో తెల్వదు, ఇది చదువుతదో లేదో తెల్వదు.

నిర్మలా, ఆ రోజు నేను తోడు రాలే. పూజకే వచ్చిన.