పలకని చాక్లెట్

తమిళనాడులో, కోవిల్‌పట్టి దగ్గర విరుదునగర్ బస్సెక్కాను. నా ఫోను మాటలు విని పక్కసీటు ఆవిడ తెలుగులో పలకరించింది. ఒళ్లో తడిగుడ్డ చుట్టిన స్టీలు డబ్బా. అత్తవారింట వేరుశనగ మిఠాయి పని. ఈమె చాక్లెట్లు మొదలుపెట్టి ఇంటింటికీ అమ్మింది. ఇప్పుడు విరుదునగర్‌లో పెద్ద కొట్టువాళ్లు అడిగారట, ఇదే మొదటి సరుకు.

సాత్తూరులో బస్సు ఆగినప్పుడు డబ్బాలోంచి ఒక చాక్లెట్ బిళ్ల తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. చప్పుడు రాలేదు.

"మా ఇంట మిట్టాయి ఇట్లనే చూసేదక్కా. విరిస్తే టప్పుమనల్ల. ఎండకు మెత్తనాయె."

"ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుందిగా?"

"గట్టిపడును. పలకదు."

డబ్బా అంతా బస్సులో పంచేసి, వెనక్కి వెళ్లే బస్సు కోసం దిగిపోయింది.

నా బిళ్ల కమ్మగానే ఉంది. నాకే లోటూ తెలియలేదు. అయినా ఇప్పుడు ఏ పనైనా ముగించి ఇచ్చేముందు, నా చెయ్యి దానంతటదే చెవిదాకా వెళ్తుంది.